నూట ఐదు మీటర్లు

నూట ఐదు పొడవు, అరవై ఎనిమిది వెడల్పు.
ఇంతేనండి కావాలన్నారు.
ఇరవై రెండేళ్లు గొలుసు లాగినదాన్ని,
ఈ డెల్టాలో ఇంత ముక్క దొరకదా అనుకున్నాను.
సర్వేయర్ శేషారత్నం ఉండగా దిగులేంటని
ఊరంతా చెప్పుకున్నారు క్లబ్బు వాళ్లు.

అమలాపురంలో ఒక కాలేజీ వాళ్లు ఇస్తామన్నారు.
నడిమధ్య క్రికెట్ సిమెంటు పట్టీ అలాగే ఉంటుందట.
"దాని పక్కనుంచి ఆడుకోండమ్మా."
రాజోలు అవతల కొబ్బరి తోట.
చెట్లు కొట్టేస్తే సరి, అన్నాడు వారసుడు.
కొలిచేలోగా కాయ రాలి నా టేపు డబ్బా పగిలింది.
అదే జవాబనుకుని వచ్చేశాం.
ఒక ఊళ్లో మైదానం ఉంది, మరుగుదొడ్డి లేదు.
ఇంకో ఊళ్లో మరుగుదొడ్డి ఉంది. దాని తాళం
ప్రెసిడెంటు గారి బావమరిది దగ్గర,
బావమరిది మస్కట్‌లో.

లంకలో ఒకటి చూశాం, అరచేయంత చదును.
పంటు మీద అంబులెన్సు ఎక్కుతుందా అన్నారు మోషే మాస్టారు.
పోయినేడు నేను పాతించిన హద్దురాయి ఏదన్నాను.
సరంగు నీళ్లలోకి చూపించాడు.

ఈలోగా పిల్లలు
లీగు కాగితంలో 'సొంత మైదానం' అన్న గడి ఖాళీగా వదిలి
ఊరూరా తిరిగి ఆడారు.
రాజమండ్రిలో మేమే ఇంటివాళ్లమని బోర్డు మీద ఉంది.
టిక్కెట్లమ్మే గదిలో ఫ్లెక్సీ అడ్డం కట్టుకుని
బట్టలు మార్చుకున్నారు ఇంటివాళ్లు.
ఫ్లెక్సీ మీద ఎవరో నాయకుడు, నిండుగా దండం పెడుతూ.
కెజియా లేచి ఆయన్ని బయటివైపు తిప్పింది.
మూడు గోల్స్ తేడాతో ఓడాం. అది వేరే సంగతి.
కాదు, వేరే సంగతి కాదు.

కాట్రేనికోన దారిలో, ఆఖరికి,
ఎండగట్టిన రొయ్యల చెరువు.
తెల్లమచ్చ తెగులొచ్చి మూడు పంటలు పోయాయట.
గట్టు మీద గనిరాజు గారు గొడుగు మూసి అన్నారు,
"పట్టుకెళ్లండి. దీన్ని చూస్తే నాకు నిద్ర పట్టట్లేదు."
టేపు పరిచాను.
నూట పాతిక. ఎనభై.
మళ్లీ పరిచాను.
నాలుగు వైపులా గట్లు, సర్దుకుంటే రెండు వేల మంది.
ఏరేటర్లకి లాగిన కరెంటు, స్తంభాలు,
మోటారు షెడ్డు, కాపలా పాక.
ఎవరో మాకోసమే తవ్వి
కొన్నాళ్లు పొరపాటున రొయ్యలు పెంచినట్టుంది.

అందరూ దిగారు. నూకరత్నం దిగలేదు.
మా గోల్‌కీపరు. తెల్లారుజామున షెడ్డులో తలలు తీసి
సాయంత్రం తొడుగులు వేసుకునే పిల్ల.
ఐసు తిన్న వేళ్లు.
"ఈ చెరువు సరుకు నేను ఒలిచానండి,
రెండేళ్ల కిందట.
తూకంలో నలభై కిలోలు తరుగు తీసేశారు."
గనిరాజు గారు కాలవకేసి చూశారు.
కొంగ ఒకటి లేచింది. ఎవరం ఏమీ అనలేదు.
ఆ తర్వాత చెప్పులు విప్పి దిగింది,
నెర్రెలిచ్చిన బురద మీద మడమతో
ఒక గీత గీసింది, ఈ కొస నుంచి ఆ కొసకి.
గోలు వెడల్పు ఏడు మీటర్ల ముప్పై రెండు.
నేను కొలవలేదు. చూస్తే తెలుస్తుంది.

ఉప్పు నేల, మూడు వానలు కడిగితే గాని
గరిక కూడా పట్టదంటున్నారు.
అడంగల్లో సాగు గడి దగ్గర కలం ఆగింది.
వరి, అని మా పాత గుమాస్తా దస్తూరీ.
రొయ్య, అని నాది.

లీగు వాళ్లు గురువారం చూడ్డానికొస్తారు.
గురువారం అమావాస్య.
పోటు మీదుంటే తూము పలక కిందనుంచి
నీళ్లు ఊరతాయన్నాడు కాపలా ముసలాయన,
ఆ ముక్క ఇవాళ చెప్పాడు.
ఇసక బస్తాలు మోస్తున్నారు పదకొండు మందీ,
వెనకాల నేను, చీర బిగించి,
ఎంత మోకాలి లోతులో నడుస్తున్నానో లెక్క పెట్టకుండా.
గట్టు మీంచి కెజియా అరుస్తోంది,
"అటు కాదు మేడమ్, ఇటు, ఇటు కారుతోంది!"