అంచనా విలువ

బ్రిటనీ తీరం, ఫ్రాన్సు. 1906, మార్చి.

పన్నుల కచేరీ గుమాస్తా గుల్వెన్ కెర్ద్రావోన్ని.
చంకలో దస్త్రం, జేబులో సిరాబుడ్డి,
వెనక నలుగురు జవాన్లు, తాళాలు తీసేవాడొకడు.
చర్చి తలుపుకి లోపలినుంచి బెంచీలు అడ్డం పెట్టారు.
పుట్టిన ఏడోరోజున నన్ను
ఎత్తుకుపోయింది ఈ తలుపులోంచే.

చట్టం చెప్పింది చిన్నమాట:
ఇకమీద పాదిరికి సర్కారు జీతమివ్వదు,
సర్కారుకి పాదిరి దీవెన ఇవ్వక్కర్లేదు.
వేరుపడే ముందు అన్నదమ్ములు
చెంబూ తపేలా లెక్కెట్టుకోరూ, అదే ఇదీ.

గడియ విరిగింది.
ఆడవాళ్ళు కీర్తన ఆపలేదు.
రాతినేల మీద చెక్కబూట్లు తిట్టినట్టే మోగాయి.
అజెనోర్ ముసలమ్మ ఉమ్మబోయి
నన్ను గుర్తుపట్టి మింగేసింది.
ఉమ్మినా బాగుండేది.

రాసుకుంటూ పోయాను.
ఇత్తడి దీపపు సెమ్మెలు ఆరు, ఒకటి సొట్ట.
పాదిరి అంగీలు నాలుగు, రెండు చిమ్మటలు కొట్టినవి.
గంట ఒకటి, గొంతు బీటలిచ్చింది.
"ఇదీ రాయి" అంది అజెనోర్,
మోకాళ్ళకి గుంటపడ్డ రాయిని చూపిస్తూ.
"యాభై ఏళ్ళు అరగదీశాను. ఎంత వేస్తావు?"
ఆ గడి నా కాగితంలో లేదు.

నాకూ ఉంది ఒక లెక్క, ఎవరికీ చెప్పనిది.
బాప్తిస్మం అందేలోపే పోయిన తమ్ముడు
సమాధుల తోట గోడకి అవతల
ముళ్ళపొద కింద ఉన్నాడు.
గోడ ఊరిది. తాళంచెవి పాదిరిది.
ఆ రాత్రి నాన్న మేయరు గుమ్మం ఎక్కితే
మేయరు నేలచూపులు చూస్తూ
"పాదిరినే అడుగు" అన్నాడు.
ఆ ఒక్క మాటకే ఈ దస్త్రం మోస్తున్నాను.

చివరికి తల పైకెత్తాను.
దూలానికి వేలాడుతూ మూరెడు ఓడ.
తుపానులోంచి బతికొచ్చిన ఏడు
మొక్కు తీర్చడానికి నాన్న చాకుతో చెక్కింది.
తెరచాపలు అమ్మ పెళ్ళిలంగా గుడ్డవి.
మరుసటి తుపాను
మొక్కు మాట వినలేదు.
కలం ఆగిన చోట సిరా బొట్టు విచ్చుకుంది.
చెక్క ఓడ, ఒకటి. అంచనా: సున్నా.

రాత్రి అమ్మ సూపు గిన్నె ఠక్కున పెట్టింది.
రొట్టె నేనే కోసుకున్నాను.
నిప్పు బూడిద కప్పుకున్నాక అడిగింది:
"ఓడకెంత రాశావు?"
"సున్నా."
చాలాసేపు గాలే మాట్లాడింది.
"మంచిది. సున్నా అయితే ఎవరూ కొనరు."
మరికాసేపటికి, ఇటు తిరక్కుండానే:
"రేపు గొడ్డలి పట్టుకురా.
గోడ అవతల పొద బాగా ఏపుగా పెరిగింది."