ఎండకు ఒక మూల

ముక్కు కొన నుంచి చెమట బొట్టొకటి
రాగి తీగ మీద రాలితే చాలు,
లెక్క తప్పుతుంది.
అరవై రెండా, అరవై మూడా?
మళ్ళీ విప్పు. మళ్ళీ చుట్టు.

పోయిన మే నెలలో ఒట్టి రేకుల కింద కూర్చుని
ఒకే మోటారును మూడుసార్లు చుట్టినా.
నాలుగోసారి మాబున్ని నా చేతిలో తీగ లాక్కుని
"మోటారు సంగతి తర్వాత,
ముందు నీ వైండింగు కాలిపోతాండాది" అనింది.

మా పత్తికొండ పక్క
మోటార్లు కాలేది ఎండాకాలంలోనే.
బావి అడుగంటేకొద్దీ
వట్టి గాలి మింగి దగ్గుతాయి.
కరెంటు సన్నబడుతుంది.
ఏ నడిరాత్రో కమురు వాసన.
తెల్లారేసరికి మా వాకిట్లో
ట్రాలీ మీంచి ఇద్దరు మనుషులు
జ్వరమొచ్చిన ఎద్దును దించినట్టు దించుతుంటారు.
అందుకే ఎండ తగ్గాలని నేను మొక్కుకోలేను.
మొక్కు ఫలిస్తే మా పొయ్యి వెలగదు.

చివరికి పెరట్లో గది కట్టినా.
తూర్పుకు పెట్టు వాకిలి, వాస్తు అన్నాడు మేస్త్రీ సుంకన్న.
ఉత్తరం నుంచి ఎండ రాదు సుంకన్నా,
నాకు అదే వాస్తు అన్నా.
పడిపోయిన పాత కొట్టం రాళ్ళే
అడుగున్నర మందం గోడలైనాయి.
నేలకు బేతంచెర్ల బండలు.
మిట్ట మధ్యాహ్నం అరికాలు ఆనిస్తే
నీళ్ళకుండ పొట్టను తాకినట్టుంటుంది.
మిద్దెకు డబ్బు చాలలేదు, పైన రేకులే.
రేకుల మీద రెండు పూతల సున్నం,
రేకుల కింద వెదురు తడిక,
తడిక మీద మిల్లు నుంచి మోసిన
పదకొండు సంచుల బుడ్డల పొట్టు.
ఎలుకలొస్తాయి అనింది మాబున్ని.
వచ్చినాయి.
వారం తిరగకముందే పిల్లి కూడా వచ్చింది.

ఊళ్ళో సగం ఫ్యాన్లు నేను బాగుచేసినవే గానీ
నెత్తి మీద ఫ్యాను నాకు పనికిరాదు.
గాళ్ళలో దోపే కాగితం ముక్కలు ఎగిరిపోతాయి.
దాన్ని బల్ల కింద పెట్టినా.
గాలి మోకాళ్ళకు తగిలి
పసిపిల్ల ఒళ్ళోకి ఎగబాకినట్టు
నిమ్మళంగా పైకొస్తుంది.

మా తాత ఫకీరప్ప దూదేకినన్నాళ్ళూ
గాలి అంటేనే భయపడినాడు.
కిటికీ మూసి, తలుపు మూసి, ముక్కుకు గుడ్డ కట్టి
నలభై వేసవులు.
ఆయన విల్లును కిటికీ పక్కనే తగిలించినా.
ఒక్కోసారి గాలి దూరి
దాని నరం సన్నగా మూలుగుతుంది.
ఎవరూ ఏకని దూది ఏదో
అక్కడ విచ్చుకుంటున్నట్టుంటుంది.

నిన్న పందికోన కౌలుట్లయ్య వచ్చినాడు,
ఏడున్నర హార్స్‌పవరు, నల్లగా మాడి.
టమాటా పూత మీదుంది, ఎంతసేపు పడతాది?
మూడుసార్లు అడిగినాడు నిలబడే.
నాలుగోసారి అడిగేందుకు
బండ మీద కూర్చున్నాడు,
గోడకు వీపు ఆనించినాడు,
మాట మధ్యలోనే గురక.
నేను నవ్వబోతే మాబున్ని వేలు చూపించింది.
నీళ్ళ వంతుకు ఎన్ని రాత్రులు
చేను గట్టున మేలుకున్నాడో.

గది కట్టేటప్పుడు
దక్షిణం మూల మూడు రేకులు
సున్నం లేకుండా, పొట్టు లేకుండా వదిలేసినా.
పొట్టు అయిపోయిందా? అన్నాడు సుంకన్న.
లేదు, ఇంకా రెండు సంచులుండాది.
వార్నిషు ఆరాల కదా.
మధ్యలో అడ్డగోడ లేపి
ఆ మూలను దానికి రాసిచ్చినా.
ఇన్నేళ్ళూ నా మెడ మీద కూర్చున్నది
ఇప్పుడు అక్కడ కూర్చుంటుంది.

సాయంత్రం కౌలుట్లయ్య ఉలిక్కిపడి లేచి
ముఖం తుడుచుకుంటూ
ఎంతసేపు పడతాది? అన్నాడు.
"నా పని అయిపోయింది, ఎండనడుగు" అన్నా.
అది లోపల
తేనెరంగు కారుతున్న తీగల మీద వంగి
ఇంకా పనిలో ఉండాది.