ఇంట్రవెల్ దాంకా

ఓబులేసూ, అడిగినావని చెప్తాండా,
నాకేదో పెద్ద తెలుసని కాదు.
రాయికి పాలిష్ పట్టేటోడిని.
శనివారం కూలి, ఆదివారం ఆట.
తాడిపత్రిలో పడితే తాడిపత్రి,
లేకుంటే అనంతపురం బస్సు.

మొదటిది మన సీమ కథంట.
మనోళ్లంతా తెల్ల చొక్కాలేసుకోని
కార్ల ఎనక కార్లు తెచ్చి
ఒగర్నొగరు నరుక్కుంటాండారు.
నరుక్కుండేది సరే,
అంతమంది అన్ని తెల్ల చొక్కాలు
ఏ నీళ్లతో ఉతికిస్తాండారప్పా?
మా వీధికి ట్యాంకరు మూడు దినాలకొకసారి.
ఆ చొక్కాలుతికే ఆడమనిషి మీంద తీయాల సినిమా.
మాట మాటకూ ‘ఏమిరా’ తగిలిస్తే
సీమ మాట అయితాదా?
ఆ హీరో ఒక్కసారన్నా ‘యాల’ అన్లేదు.
ఫైట్లు మాత్రం బాగుండాయి, అబద్ధం చెప్పకూడదు.
మొదటి ఈల నాదే.

రెండోది ప్రేమ.
మంచుకొండల్లో పాటలు.
పిల్ల మొగం మీంద ఒక్క మచ్చ ల్యా, ఒక్క గీత ల్యా.
ఇరవై రెండేండ్లుగా రాయి చూస్తాండా, ఇను:
పాలిష్ రొంత ఎక్కువైతే
రాయి లోపలి గీత కనపడదు,
చూసేటోని మొగమే కనపడతాది.
ఆ పిల్ల ఏడుస్తాంటే
నాకు నేనే కనపడినా, ఆవలిస్తా.

మూడోది దయ్యం.
దాన్ని గురించి నన్నడగద్దు.
ఏసీ బో చల్లగుండాది.
దయ్యమొచ్చే లోపల నిద్రపోతి,
లేసేసరికి దానికి మోక్షమొచ్చింది,
నాకు నడుంనొప్పి పోయింది.
ఐదుకు నాలుగు మార్కులేసుకో.

నాలుగోది,
పేరు గూడా సరిగా గుర్తు ల్యా.
బస్టాండు గోడకు ఒగటే పోస్టరు, అదీ సగం.
సోమవారం కరెంటు కోతని మిషన్లాపితే పోయినా.
హాల్లో తొమ్మిదిమందిమి. లెక్కబెట్టినా.
సమోసాలు నిన్నటివి.

హీరో అని ఎవురూ లేరు.
ఒక ముసలాయప్ప, తక్కెడలు బాగుచేసేటోడు,
ఊరూరూ తిరుగుతాడు.
అన్ని అంగళ్లలోనూ కరెంటు తూకాలొచ్చినాయి,
ఎవురూ పిలవరు. అంతే కథ.
ఇంట్రవెల్ దాంకా నేనూ తిట్టుకున్యా.
తర్వాత ఒగ సీను.
బస్సు కాడ కూతురు
ఆయప్ప జేబులో నూర్రూపాయల నోటు పెడతాది.
ఆయప్ప తీసి చూడడు.
జేబు మీంద చెయ్యి పెట్టుకోని
ఎంత బరువో తెలిసినోని మాదిరి నిలబడతాడు.
బస్సు కదిలినాక
కిటికీలోంచి ఒగ మాట అంటాడు.

ఆ మాట నాకు ఇనపల్యా.

నీకు తెల్సు గదా,
కటింగ్ మిషన్ కాడ ఎడమ చెవి ఎప్పుడో పాయ,
కుడిది సగం.
ఫైట్లకైతే చెవులతో పనిల్యా,
కుర్చీ అదురుతాది, అర్థమైతాది.
ఈయప్ప మెల్లగ అన్యాడు.
పెదాలు రెండు తూర్లు కలిసినాయి, అంతే.
అడుగుదామంటే పక్క సీట్లు ఖాళీ.
ముందర వరసలో ఒగామె
కొంగుతో మూతి మూసుకునింది.
అంటే చిన్న మాట కాదు.

మరుసటి దినం దస్తగిరమ్మను ఎంటబెట్టుకోని పోయినా,
నువ్విని నాకు చెప్పు, అని.
హాలు ముందర పిల్లోడు నిచ్చెనెక్కి
మైదాపిండి జిగురు పూస్తాండాడు.
కొత్త సినిమా. మల్లా తెల్ల చొక్కాలే.
ఓరకు ముసలాయప్ప భుజం
ఇంకా రొంత అగుపడతాండాది.
యాల పిల్చకొస్తివని ఆమె తిడితే
మిరపకాయ బజ్జీలు తినిపిచ్చి ఇంటికి తెచ్చినా.

అప్పట్నుంచి,
రాయి మీంద నీళ్లు కారతాంటే
దినానికొక మాట ఆయప్ప నోట్లో పెట్టి చూస్తాండా.
‘అన్నం తిను.’
దాంట్లో పెదాలు కలిసేదే ల్యా.
‘మల్లొస్తా.’
ఒక్క తూరే కలుస్తాయి,
పైగా మల్ల రాడని ఆయప్పకు తెల్సు.
నిన్న ‘సరిపాయమ్మా’ అని పెట్టినా.
కుదిరింది.
కుదిరింది గానీ
అది నా మాట, ఆయప్పది కాదు.

ఆ సినిమా యాడన్నా పడితే చెప్పు.
గుత్తి అయినా సరే, పొద్దుటూరయినా సరే.
నువ్వూ రావాల, నీ చెవులు మంచివి.
టికెట్టు నాది,
బజ్జీలు గూడా.