ఏడో నంబరు సెల్లు

పలమనేరు బజారువీధిలో
జిలాన్ బాషా అద్దాల బల్ల మీద
మూడు చార్జర్లు పరిచినాడు,
నాటువైద్యుడు వేర్లు పరిచినట్టు.

"ఇది మూడు నూర్ల యాబై మేడం.
జతలుగానే ఎక్కించాల. నిండినా నిండకపోయినా
పోస్తానే ఉంటాది.
ఇదేమో గంటలో నింపేస్తాది,
తీసేటప్పుడు మాత్రం చేత్తో పట్టుకోలేరు,
పెనం మీద అట్టే."
మూడోదాన్ని గురించి ఆయనింకా నోరు తెరవలేదు.
వెల చీటీ నేనే తిప్పి చూసినా:
పదునాలుగు నూర్లు.
నా సంచిలో ఆఫీసు ఇచ్చింది ఎనిమిది నూర్లు,
రేంజరు సంతకం ఆరకముందే మడిచిన వోచరు.

పోయిన నెల మొబ్బులో
రాగిచేని గట్టున నేనూ కదిరప్పా.
చెరుకు విరిగే చప్పుడు విని
"నాలుగుండాయి, ఒకటి పిల్లది" అన్నాడు.
ఎక్కడుండామో చెప్పాల్సిన జీపీఎస్
ఒక్కసారి మెరిసి
కన్ను మూసింది.

రాత్రంతా చార్జింగులో ఉన్న సెల్లులే అవి.
ఒకటి నిండింది,
రెండోది నిండినట్టు నటించింది.
జత కట్టిన పాపానికి
మంచిది కూడా దాంతోపాటే చల్లబడింది.

టార్చి వేసే తావు కాదది.
కదిరప్ప గుప్పెడు దుమ్ము తీసి వదిలినాడు.
చీకట్లో దుమ్ము కనపడదు,
నా ఎడమ చెంపకి తగిలింది.
"అట్లయితే ఇటు పోదాం" అన్నాడు,
వాపెక్కిన మోకాలి మీద ఒక చెయ్యి పెట్టుకోని.

"ఈ మూడోది ఏం చేస్తాది బాషా?"

"నాలుగు గదులు మేడం. ఏ గదికి ఆ గది.
ఎవుని ఆకలి వానిది.
కడుపు నిండినోణ్ణి పంక్తి నుంచి లేపేస్తాది,
నిండనోనికి ఇంకో ముద్ద పెడతాది.
చెడినదాన్ని చెడిందని
మొగం మీదే చెప్తాది.
నిదానం. రాత్రంతా పడతాది.
జీపులో గుచ్చుకునే వైరు ఊరికే ఇస్తా."

మా క్యాంపులో ఉండేది ఒక్క సోలారు పలక.
మబ్బు పట్టిందంటే అదీ సెలవే.
జీపు వారానికి రెండుసార్లు వస్తాది,
వచ్చిన పొద్దు గంటసేపన్నా ఆగుతాది.
ఆ వైరే నన్ను పడగొట్టింది.

పన్నెండు నూర్లకి దించినాడు.
పైన పడిన నాలుగు నూర్లు నావి.
బిల్లు మాత్రం మొత్తానికీ రాయమన్నా,
ఎప్పుడో ఒకప్పుడు అడుగుతా,
రానీ, రాకపోనీ.

ఆ రాత్రి పన్నెండు సెల్లుల మీద
మార్కరుతో అంకెలేసినా.
నాలుగేసి పడుకోబెట్టినా.
చిన్న తెర మీద లెక్క ఎక్కతా పోయింది,
పాలకేంద్రంలో కొలత పలికినట్టు:
పంతొమ్మిది నూర్లు, రెండువేలు,
రెండువేలా ముప్పై.
సరితూగేదాన్ని సరితూగేదానితో కలిపి
రబ్బరు బ్యాండు వేసినా.

ఏడో నంబరు
మూడు నూర్ల పది దాకా వచ్చి
ఆగిపోయింది.
తీసి, తుడిచి, మళ్లీ పెట్టినా.
ఎర్రగా మిణకరించింది.
ఇంకోసారి పెట్టినా.
ఎరుపే.

గోడకి అంటించిన రాత్రి గస్తీ జాబితాలో
ఈ నెల కదిరప్ప పేరు లేదు.
ఆ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.
మోకాలికి ఆముదం రాసుకుంటా
నా చెత్తడబ్బా దిక్కు చూసినాడు.

"పారేయబాక తల్లీ, ఇట్లియ్యి."

లుంగీకి తుడిచి,
దీపావళి నుంచీ మూడుంపావు దగ్గరే నిలబడిపోయిన
గోడగడియారాన్ని దించి
దాని వీపులో దూర్చినాడు.
"దీనికేమి, ఏనుగెంట పరిగెత్తాల్నా?"

సన్న ముల్లు ఒకసారి వణికి
నడక పట్టింది.

"టైమెంతమ్మా?"
"పదీ నలబై."

నేను జీపీఎస్ నడుముకి కట్టుకోని
బూట్లేసుకుంటా ఉంటే
ఆయన ముల్లు తిప్పి తిప్పి
పదీ నలబైరెండుకి పెట్టి
మేకుకి తగిలించినాడు.
ఆ రెండు నిమిషాలు ఎందుకని
నేనడగలేదు.