లాభం, రెండు, మూడు

గ్రీమ్స్‌పేటలో మా ఇంటికి ముప్పై నాలుగు మెట్లు.
కింద బెల్లం మండీ, నడుమ వంటిల్లు,
పైన రేకుల గది, అందులో నేను.
ఇన్నేళ్లూ ఈ ఇంటి టెలిఫోను
ఢిల్లీబాబు చిన్నాయన గొంతే.
"మే మంజరీ!" అని ఒక్క కేక వేస్తే
ఎదురింటి మంజుల కూడా "ఆ" అనేది.

పోయిన ఎండాకాలం
అరచేతంత బోర్డొకటి కొని
సబ్బుపెట్టెలో కూర్చోబెట్టాను.
అందులో పోసింది మాత్రం కొన్నది కాదు.
ఊరూ పేరూ తెలియనోళ్లు రాసి
చలివేంద్రం కుండలా దారిలో పెట్టిపోయిన సాఫ్ట్‌వేరు.
తాగినోళ్లని ఎవరూ పేరడగరు.
కుండ చెమర్చకుండా ఆరిపోతే
నువ్వే తడిగుడ్డ చుట్టి పొమ్మంటారు, అంతే.

పాత ఇనుము మస్తాన్ దగ్గర మూడు ఫోన్లు, తూకానికి.
ఒకటి నల్లది, వేలు పెట్టి తిప్పేది.
తిప్పితే పోదు, ఎవరైనా చేస్తే మోగుతుంది.
అదే కావాలంది మా అత్త రెడ్డెమ్మ.
"నేనెవుర్నీ పిలిచే పన్లేదు.
పనుంటే వాళ్లే పిలస్తారు."

మండీకి నూటొకటి, వంటింటికి నూటరెండు,
నాకు నూటమూడు.
ఒక్క బ్రాకెట్టు మూయడం మరిచి
రెండు రోజులు ఇల్లంతా మూగనోము పట్టింది.

మూడోనాడు బంగారుపాళ్యం నుంచి
చిన్నాయన సెల్లులో ఇంటికి చేశాడు.
నా మాట ఆయనకు పోతోంది,
ఆయన మాట నాకు రావడం లేదు.
తెల్లారుజామున దొరికింది తప్పు:
బయటికి పోయిన నా మాట
తన అడ్రసు "మిద్దె పైన గది" అని చెప్పుకుంటోంది.
ఏ ఊరు, ఏ వీధి? చెప్పలేదు.
జవాబు పాపం ఎక్కడెక్కడ తిరుగుతోందో.

దిద్దడానికి ఒక్క వరసే.
చెయ్యి మాత్రం కాసేపు ఆడలేదు.
ఎనిమిదేళ్లు అంబత్తూరులో, హెడ్‌సెట్టు కింద
నా పేరు డయానా.
ఊళ్లోవాళ్ల కోపమంతా నా చెవిలోకొచ్చేది.
నేను మాత్రం ఎవరికీ పోయేదాన్ని కాదు.
పోయింది ఆమె.

పరీక్షకని ఒక నంబరు ఉంటుంది, ఆరువందలు.
నువ్వన్నది నీకే తిరిగి చెబుతుంది.
ఏమనాలో తోచక "తింటివా మే?" అన్నాను.
అర సెకను ఆగి
ఎవరో అచ్చం చిత్తూరామె
"తింటివా మే?" అంది.
లేదన్నాను.
లేదంది తనూ.

ఇక స్వాగతం రికార్డు చేయాలి.
నోరు తెరవగానే డయానానే వచ్చింది,
మీ కాల్ మాకెంతో ముఖ్యం అంటూ.
చెరిపేశాను. మళ్లీ ఆమే. మళ్లీ చెరిపాను.
కిందికి దిగి, మజ్జిగ తాగి, పైకొచ్చి
మెట్ల మీది ఆయాసంతోనే అన్నాను:
"ఎవురు కావల్ల? బెల్లమైతే ఒకటి నొక్కు.
బువ్వ సంగతైతే రెండు.
మంజరైతే మూడు నొక్కి, రవ్వంత ఓర్చుకో."

ఓర్చుకునే వాళ్లకు సన్నాయి పెట్టలేదు.
మండీలో ఒకటి అనకూడదు గదా,
దిమ్మలు లెక్కపెట్టే చిన్నాయన గొంతు పెట్టాను:
లాభం... రెండు... మూడు...
ఏడు దగ్గర దగ్గు, ఎవర్నో తిట్టు, ఎనిమిది.

గుడియాత్తం సేటు ఒకాయన
నేను ఎత్తగానే కసురుకున్నాడు.
"ఉండమ్మా, పదిహేడు దాకా వచ్చినాడు!"

నిన్న సాయంత్రం నూటమూడు మోగింది.
చేతికి పిండి, ఎత్తలేకపోయాను.
అంతలో మెట్ల కిందినుంచి,
రేకులు అదిరేట్టుగా:
"మే మంజరీ!
నీకు ఫోను చేస్తాండా, ఎత్తు మే!"