తొంభై డిగ్రీల తర్వాత

పద్దెనిమిదేళ్లు
రెక్కలు కదలని విమానాలకు సంతకం పెట్టినవాణ్ణి.
నా సంతకం మీద ఎందరో నిద్రపోయారు
ఢిల్లీ దాకా, దుబాయి దాకా.
ఇప్పుడు, నలభై మూడో ఏట,
బెంగళూరు హ్యాంగరులో పదిహేను రోజుల సెలవు చెప్పి
అనంతపురం పాతూరులో, మా మిద్దె గదిలో,
తిరిగే రెక్కల పుస్తకం ముందేసుకుని
పెన్సిలు కొరుకుతున్నాను.

లైసెన్సు మారాలంటే ఒక్క పేపరే మిగిలింది.
ఒక్కటే. మూడొందల నలభై పేజీలు.

మొదటి అధ్యాయంలోనే తగువు.
ముందుకెళ్లే రెక్కకు గాలి ఎక్కువ దొరుకుతుంది,
వెనక్కెళ్లే రెక్కకు తక్కువ.
సమం చేయకపోతే యంత్రం పక్కకు ఒరుగుతుంది.
అందుకని రెక్కను బిర్రుగా బిగించరాదట.
లేవనివ్వాలి, పడనివ్వాలి,
ముందుకూ వెనక్కూ కాస్త ఊగనివ్వాలి.
బిగించడమే నేర్చిన చేతులివి,
టార్కు రెంచి టిక్కుమనేదాకా దేన్నీ నమ్మని చేతులు.

సాయంత్రం మస్తాన్ అంగడికి పోయాను.
వైండింగు తీగల మధ్య నుంచి తలెత్తి
"ఏమప్పా ఓబులేసూ, విమానాలు చేసేటోడివి
నా ఫ్యాన్ల కాడికి వచ్చినావే!"
నవ్వుతూనే ఒక పాత ఫ్యాను వేలాడదీశాడు.
రెక్కల కొసలకు తడి సుద్ద పూశాడు,
ఒకదానికి ఎరుపు, ఒకదానికి నీలం, ఒకదానికి తెలుపు.
తిప్పి, కర్రకు చుట్టిన తన తువాలును
మెల్లగా, పాముకు పాలు పెట్టినట్టు, దగ్గరికి జరిపాడు.
తువాలు మీద మూడు గీతలు.
ఎరుపూ తెలుపూ ఒకదాని మీద ఒకటి.
నీలం అరంగుళం కింద.
"ఇదో, వీడే ఇల్లంతా అదరగొట్టేది."

నా పుస్తకంలో ఇదే పని నూట పన్నెండో పేజీలో ఉంది.
బొమ్మ చిన్నది, చదివితే నిద్రొస్తుంది.
నీకెవరు నేర్పారంటే "తిట్లు" అన్నాడు.
"అదిరే ఫ్యాను ఇచ్చి పంపిన రోజు
మెస్సు నాగలక్షుమ్మ తిట్టిన తిట్లు."

అంతా ఒకటే కదప్పా అన్నాడు.
కాదు మస్తానూ, ఒక్కటి తేడా.
నీ ఫ్యాను ఇంటికి వేలాడుతుంది.
ఇక్కడ ఇల్లే ఫ్యానుకు వేలాడుతుంది,
మనుషులతో, సామాన్లతో,
నడినెత్తిన ఒకే ఒక్క నట్టుతో.

సుద్దముక్క కింద పెట్టాడు. కాసేపు మాట్లాడలేదు.
"ఆ నట్టు మీద సంతకం ఎవురిది?"
"పాసైతే, నాది."
టీ చెప్పాడు. డబ్బులు తనే ఇచ్చాడు.

రాత్రి హారిక తన ఇంటర్ ఫిజిక్సు మూసేసి
నా పుస్తకం లాక్కుంటుంది.
"ముక్కు కిందికి వంగాలంటే ఎక్కడ తొయ్యాలి నాన్నా?"
ముక్కు దగ్గర.
"తప్పు."
తిరిగేదాన్ని ఇక్కడ తోస్తే
తొంభై డిగ్రీలు దాటాక గానీ మాట వినదు.
ముందు వంగాల్సినదానికి
పక్కనే, ముందుగానే, చెప్పి ఉంచాలి.

రాసుకున్నాను.
రాసుకుంటుంటే గార్లదిన్నె దగ్గర మా కళ్లం గుర్తొచ్చింది,
శనక్కాయలు ఆరబోసిన కళ్లం మీదుగా
ఎన్నికల హెలికాప్టరు దిగిన మధ్యాహ్నం.
పొట్టు లేచింది, కాయలు లేచాయి,
తీగ మీది చీర పక్క చేను దాకా పోయింది.
జేజి చీపురెత్తి ఆకాశాన్ని తిడుతోంది.
నాకు ఏడేళ్లు.
దుమ్ము మింగుతూ, నోరు మూయకుండా, చూస్తూనే ఉన్నాను.
అప్పుడు తోసింది,
ఇప్పుడు వంగాను, ఈ పుస్తకం మీదికి.

కరెంటు పోయింది.
పైన ఫ్యాను వెంటనే ఆగలేదు.
"ఇంజను ఆగితే?" అంది చీకట్లోంచి.
భయపడి మీట పైకి లాగరాదు. కిందికి దించాలి.
పడుతుంటే కింది నుంచి వచ్చే గాలే
రెక్కల్ని తిప్పుతుంది,
ఎగరడానికి కాదు, దిగడానికి సరిపడా.
"నాలుగు ఆప్షన్లలో ఏది?"
సీ.
ఫ్యాను చివరి చుట్టు తిరిగి నిలబడింది.
హారిక సెల్లు లైటు వేసింది.
"సరే, పేజీ తిప్పు."