పదహారు వరుసలు

ట్రూప్ బజార్‌లో మెట్ల కింద కొట్టు,
ఇద్దరు కూర్చుంటే మోకాళ్లు తగిలేంత.
మొదటి రోజు జాన్‌పాషా ఉస్తాద్ నా చేతిలో
ఒక నల్ల పలక పెట్టాడు.
అడ్డం ముప్పై రెండు, నిలువు పదహారు,
ఐదు వందల పన్నెండు ఎర్ర చుక్కలు.
"లెక్కపెట్టు."
పెట్టాను. ఒకటి తక్కువొచ్చింది.
"దొరికింది గదా, గదే నీ పని."

దీపమనకు దీన్ని, అనేవాడు.
దీపం కాలుతుంది. ఇందులో కాలడానికి ఏముంది?
ఆవగింజలో సగమంత రాయి.
ఒక వైపు నుంచి కరెంటు వస్తే మెరుస్తుంది,
ఇంకో వైపు నుంచి వస్తే
ఎవరూ లేనట్టు తలుపు తీయదు.

అన్ని వరుసలూ ఒకేసారి వెలగవని
ఏడాదికి గానీ నమ్మలేదు నేను.
నాలుగేసి వరుసలు, వంతులేసుకుని,
వెలిగి ఆరి, వెలిగి ఆరి,
రెప్పపాటులో ఎన్ని చుట్లో!
పోయిన వెలుగును కన్ను కాసేపు వదలదు,
మన తిండి ఆ కాసేపు మీదే.
ఫోను పెట్టి ఫొటో తీశావో,
నల్ల చారలతో దొంగ దొరికిపోతాడు.

పంజాగుట్టలో, రాత్రి రెండింటికి,
నడుముకు తాడు, నోట్లో టార్చి.
నగల కొట్టు పెళ్లికూతురికి
కుడి చెంపలో నలుచదరపు చీకటి.
దగ్గరికెళ్తే చెంప లేదు, పెళ్లికూతురు లేదు.
ఎరుపు, ఆకుపచ్చ, నీలం,
ముగ్గురేసి పక్కపక్కన, ఒకరినొకరు ఎరగనట్టు.
తెలుపంటే ముగ్గురూ మేలుకోవడం.
నలుపంటే ముగ్గురూ పడుకోవడం.
ఆ కాసుల పేరులో బంగారు చుక్క ఒక్కటి లేదు,
ఎరుపూ ఆకుపచ్చా కలిసి
రోడ్డుకు చెప్పిన మాట అది.
పలక మార్చాను. కింద సైకిల్ మీద చాయ్ అమ్మేవాడు
తలెత్తి అరిచాడు:
"అక్కా, నవ్వుతుంది!"
నాకేం కనబడింది? చుక్కలు.

కర్మన్‌ఘాట్ నర్సవ్వ
బండి నుంచి షట్టరుకు మారిన నెల
బోర్డు కావాలంది. పరుగెత్తే ఎర్ర అక్షరాలు.
అన్నపూర్ణ టిఫిన్స్.
పదహారు వరుసల్లో గుడికీ కొమ్ముకీ చోటు పోగా
ఒత్తుకు కాలు పెట్టే జాగా లేదు.
బోర్డు వెలిగింది:
అనపూర టిఫిన్.
నర్సవ్వకు చదువు రాదు.
ఆమె మనవరాలు మూడో తరగతి,
చదివి పకపకా నవ్వింది.

"కింద ఇంకో వరుస పలకలెయ్యాలె, పైసలు డబుల్."
"కింద రాసే గింతదానికి మీద రాసినంత పైసలా?"

నేనేం చెప్పను.
నా పేరు స్వరూప. బడి రిజిస్టరులో తప్ప
ఎక్కడా ఆ ఒత్తు లేదు.
ఇంట్లో సరూప, వీధిలో సరూప,
ఉస్తాద్ పోయే ముందు పిలిచిందీ సరూపా అనే.

కొట్టులో పాతవి వెతికాను.
సోల్డరు మరకలవి, మూల విరిగినవి.
ఒకటి తక్కువైంది.
గోడకు వేలాడే పలక దించాను,
మొదటి రోజుది. ఆ చుక్క నేనెన్నడూ మార్చలేదు.

ఇప్పుడు కర్మన్‌ఘాట్‌లో
తెల్లారి ఐదింటికి, ఇడ్లీ ఆవిరి వెనక
అన్నపూర్ణ నిండుగా నడుస్తుంది.
కింది వరుసలో ఒక్క చోట
ఒత్తు వచ్చి, ఆ గుడ్డి చుక్క దాటేటప్పుడు
ఒకసారి కన్ను కొడుతుంది.
తినేవాళ్లెవరూ చూడరు.